సొరచేప సినిమాలు: ఒక సింహావలోకనం

తిరుపతి జిల్లా నాగలాపురంలోని వేదనారాయణస్వామిది మత్స్యరూపం. శ్రీకృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరు నిలిపిన ఊరది. వేదాలు దొంగిలించి కడలి అడుగున దాక్కున్న సోమకాసురుణ్ణి వెంటాడి చంపింది చేపే. నీళ్లలోకి లాగే భయం మనకూ తెలుసు, గజేంద్రుడు వెయ్యేళ్లు పెనుగులాడాడు. అయితే అక్కడ పట్టింది మొసలి. సముద్రంలోని పెద్ద చేపను చూసి జడుసుకోవడం మనకు సినిమా నేర్పిన విద్య.

ఆ విద్యకు ఆదిగురువు 1975 నాటి ‘జాస్’. 1974లో పీటర్ బెంచ్‌లీ రాసిన నవలను స్టీవెన్ స్పీల్‌బర్గ్ తెరకెక్కించాడు. స్టూడియో తొట్టెలో కాకుండా నిజమైన సముద్రంలోనే తీస్తానని పట్టుబట్టాడు. ఉప్పునీటికి యంత్రపు సొర మాటిమాటికీ మొరాయించింది. 55 రోజుల్లో ముగియాల్సిన చిత్రీకరణ 159 రోజులు సాగింది. చేప పనిచేయకపోవడంతో దాన్ని చూపకుండానే భయపెట్టాల్సి వచ్చింది. నీటి మీద పరుగెత్తే పసుపు పీపాలు, జాన్ విలియమ్స్ కూర్చిన రెండే రెండు స్వరాలు ఆ పని చేసిపెట్టాయి. గంట దాటాక గానీ సొర పూర్తిగా కనిపించదు. యాభై ఏళ్ల తర్వాత చూసినా గుండె అదురుతుంది.

1978, 1983, 1987లలో వచ్చిన కొనసాగింపులు ఆ స్థాయిని అందుకోలేదు. 1996లో హిందీలో ధర్మేంద్రతో ‘ఆతంక్’ వచ్చింది. నా లెక్కలో ‘జాస్’ తర్వాత చెప్పుకోదగ్గది 2003 నాటి ‘ఓపెన్ వాటర్’. నడిసముద్రంలో పడవ వదిలేసిపోయిన ఇద్దరు, చుట్టూ నిజమైన సొరలు, అంతే కథ. 2018లో ‘ది మెగ్’ నాటికి చేప కొండంత పెరిగింది, భయం మాత్రం తగ్గిపోయింది.

తెలుగులో 2017లో ‘ఘాజీ’ సముద్రం అడుగుకు దిగినా అది జలాంతర్గాముల పోరు. 2024లో ‘దేవర’లో ఎన్టీఆర్ సొర మీద స్వారీయే చేశాడు. మన కథానాయకుడు ఎరగా మారడానికి ఒప్పుకోడు, కనుకనే మనకింకా అసలైన సొర సినిమా లేదు.

తెర సంగతి అలా ఉంచితే, ఆంధ్ర తీరంలో సొర అంటే ముందు గుర్తొచ్చేది వంటిల్లే: బాలింతకు పాలు పడతాయని పాలసొర వండిపెడతారు. ప్రపంచమంతటా మనుషుల చేతుల్లో ఏటా చచ్చే సొరలు కోట్లలో ఉంటే, సొరల వల్ల పోయే మనుషులు సగటున పదిమందికి లోపే. ఇది తెలిసిన బెంచ్‌లీ తన నవల నాటిన భయానికి బాధపడి, శేషజీవితం సొరల రక్షణకే వెచ్చించాడు. మన దేశం 2001లో తిమింగల సొర వేటను నిషేధించింది.