గ్రామసీమలలో సంఘస్థాపన కొరకు ప్రార్థన: ఒంగోలు కొండ నుండి నేటాలు తోటల వరకు

సంఘస్థాపన అనగా మందిరం కట్టడం మాత్రమే కాదు. ఒక ఊరి విశ్వాసులు ఒకచోట కూడి, తమ కాపరిని తామే పోషించుకొని, తమకు తెలిసిన భాషలో ఆరాధించే సమూహంగా స్థిరపడడం. మెల్‌బోర్న్‌కు నైరుతి దిశన ఉన్న పాయింట్ కుక్‌లో నివసించే తోటకూలీల వంశీయులమైన మేము, ఇటువంటి ప్రార్థనకు మన పూర్వికుల చరిత్రలో ఉన్న స్థానాన్ని ఇక్కడ వివరిస్తున్నాము.

ఒంగోలు

1854 జనవరి 1వ తేదీ ఉదయం అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, కొందరు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండపై మోకరించి, ఆ ప్రాంతానికి ఒక సేవకుని పంపుమని వేడుకొన్నారు. ఆ వేడుకోలులో ఊరి పేరు ఉంది, అవసరం స్పష్టంగా ఉంది. జాన్ క్లౌ ఒంగోలుకు వచ్చింది 1866లో, అంటే పన్నెండేళ్ల తరువాత. 1867లో అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మందే. 1876–78 కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో వేలమందికి పని కల్పించారు. తిండి కొరకు మతం మారారన్న మాట రాకూడదని అప్పుడు బాప్తిస్మాలు నిలిపివేశారు. 1878 జూలై 3న ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగ పల్లెలవారు. ఆ ఊళ్లలో సువార్తను మోసినవారు ఎర్రగుంట్ల పేరయ్య వంటి స్థానికులే.

నేటాలు

1860 నుండి 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్లారు. వారిలో తెలుగు బాప్టిస్టులు కూడా ఉన్నారు. అనుమతి చీటీ లేనిదే కూలీ తోట దాటరాదు; ఒప్పందం ముగిసినవారు చెదిరిపోతారు. సంఘం నిలవడానికి ఇవి పెద్ద అడ్డంకులు. 1903లో తెలుగు బాప్టిస్టుల స్వదేశీ మిషనరీ సమాజం నెల్లూరి నుండి జాన్ రంగయ్యను అక్కడికి పంపింది. ఆ సంవత్సరమే కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు సంఘం ఏర్పడింది. ఒకనాడు సేవకుని కొరకు ప్రార్థించిన జనమే సేవకుని పంపే జనమైంది.

ప్రెస్బిటేరియన్ మార్గం

ప్రెస్బిటేరియన్ సంఘాన్ని ఎన్నుకోబడిన పెద్దలు నడిపిస్తారు. 1868లో కెనడా ప్రెస్బిటేరియన్ జాన్ మోర్టన్ ట్రినిడాడ్‌లోని ఇయెరె గ్రామంలో భారతీయ కూలీల మధ్య పని ప్రారంభించారు. బడులు వెలిశాయి, సంఘాలు పెరిగాయి. అక్కడి మిషను భాష మాత్రం హిందీ. ఆస్ట్రేలియాలో 1912 నుండి జాన్ ఫ్లిన్ నాయకత్వాన ప్రెస్బిటేరియన్లు మారుమూల లోతట్టు ప్రాంతాలకు సంచార సేవకులను పంపారు.

ప్రార్థించువారికి

నేడు గ్రామసీమల సంఘాల కొరకు ప్రార్థించేవారికి ఈ చరిత్ర మూడు మాటలు చెబుతుంది: ఊరిని పేరుతో తలచుకొనుడు, స్థానిక పెద్దల కొరకు వేడుకొనుడు, సంఖ్యను చూచి తొందరపడకుడు. మాకు మరొక చింత ఉంది. సంఘం నిలిచినా ఆరాధనలోని తెలుగు మరుగున పడవచ్చు. కనుక సంఘవృద్ధితోపాటు, ఆ భాషను పిల్లలకు నేర్పేవారి కొరకు కూడ ప్రార్థించడం తగును.

పదములు

సంఘము: విశ్వాసుల సమూహం.
కాపరి: సంఘాన్ని పోషించి నడిపించే సేవకుడు.
పెద్ద: సంఘ పాలనకు ఎన్నుకోబడిన వ్యక్తి.
విజ్ఞాపన: ఇతరుల పక్షమున చేసే ప్రార్థన.