షోన్‌బర్గ్ బోధన: కొత్త స్వరకర్త, పాత పాఠం

ఆర్నాల్డ్ షోన్‌బర్గ్ (1874–1951) పేరు వినగానే మీకు పన్నెండు స్వరాల పద్ధతి గుర్తుకు రావచ్చు. అయితే ఆయన తన తరగతుల్లో సాధారణంగా దాన్ని బోధించేవారు కాదు. బాఖ్, మొజార్ట్, బీథోవెన్, బ్రామ్స్ రచనలే అక్కడ పాఠాలు. సంప్రదాయాన్ని తెంచుకున్నాడని నిందలు పడిన వ్యక్తి ఇలా ఎందుకు బోధించారు?

1911లో వెలువడిన ‘హార్మొనీలేరె’ అనే గ్రంథంలో ఆయన సంగీత గురువును వడ్రంగితో పోల్చారు. వడ్రంగి శిష్యుడికి పనితనం నేర్పుతాడు. అందానికి శాశ్వత సూత్రాలున్నాయని చెప్పడు. ఒక ఉదాహరణ చూడండి. రెండు గాత్రాలు మన షడ్జ–పంచమాలంత ఎడంతో జంటగా కదలరాదని ఐరోపా పాఠ్యగ్రంథాలు నిషేధించాయి. షోన్‌బర్గ్ దృష్టిలో ఇది ప్రకృతి నియమం కాదు, చరిత్రలో ఏర్పడిన అలవాటు. అయినా అభ్యాసాల్లో విద్యార్థి దాన్ని పాటించాలన్నారు. నియమం ఎందుకు పుట్టిందో తెలిసినవాడే దాన్ని దాటగలడన్నది ఇందులోని తర్కం. ఆయన స్వయంగా చాలావరకు గురువు లేకుండానే నేర్చుకున్నారని కూడా గమనించండి. జెమ్లిన్‌స్కీ వద్ద నేర్చుకున్నది కొద్దికాలమే.

1904లో వియన్నాలో ఆయన వద్ద చేరిన బెర్గ్, వెబెర్న్‌లను పోల్చండి. గురువు ప్రభావం ఇద్దరిపైనా గాఢమే. కానీ బెర్గ్ ‘వొజ్జెక్’ వంటి పెద్ద ఒపేరా రాశాడు. వెబెర్న్ రచనలు కొన్ని నిమిషం కూడా నిండవు. అచ్చు పోసినట్లు శిష్యులను తయారుచేసే బోధన అయితే ఈ తేడా సాధ్యమయ్యేది కాదు.

యూదుడైనందున 1933లో నాజీ పాలనలో బెర్లిన్ అకాడమీ పదవి పోయింది. తర్వాత అమెరికా చేరి, 1936 నుంచి లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బోధించారు. అక్కడి ప్రారంభ విద్యార్థులకు తగినట్లు 1942లో ఒక చిన్న అభ్యాస పుస్తకం రాశారు. 1944లో 70 ఏళ్లకు పదవీ విరమణ చేశారు. సర్వీసు తక్కువ కావడంతో పింఛను చాలలేదు. ఇంటివద్ద పాఠాలు చెబుతూనే ఉన్నారు.