పందెమే నైపుణ్యమైన చోట: పోకర్ ఆట, జూద చట్టాలు, హిందూపురం సరిహద్దు

వ్యాససంగ్రహం
పేకాటలో నైపుణ్యానికీ అదృష్టానికీ మధ్య భారత న్యాయస్థానాలు గీసిన గీత రమ్మీకి సరిపోయినంతగా పోకర్‌కు సరిపోలేదు. రమ్మీలో నైపుణ్యం ముక్కల కూర్పులో ఉంటే, పోకర్‌లో అది పందెం కాయడంలోనే ఉంది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతానికి వర్తించిన చట్టాల చరిత్ర నేపథ్యంగా ఈ భేదాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పోకర్, రమ్మీ, జూద చట్టం, నైపుణ్యం, హిందూపురం.

ప్రవేశిక
ధర్మవరం నుంచి బెంగళూరు వెళ్లే రైలుమార్గం పెనుకొండ, హిందూపురం దాటి గౌరిబిదనూరు చేరేసరికి రాష్ట్రం మారుతుంది, దానితోపాటు పేకాటకు వర్తించే చట్టమూ మారుతుంది. ఆట అనే భావన ఈ నేలకు కొత్తది కాదు. అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) పెనుకొండ అధికారి విరూపణ్ణ నిర్మింపజేసిన లేపాక్షి ఆలయపు కప్పు మీది చిత్రాల్లో శివపార్వతులు పాచికలాడే దృశ్యం ఉంది.

బలమైన ముక్కలు - పందెం
పోకర్‌లో ఆటగాడికి తొలి రెండు ముక్కలూ ఆసులే పడే అవకాశం 221 పంపకాల్లో ఒకటి. ఆ జత ఒకే ప్రత్యర్థిపై నూటికి దాదాపు 85 సార్లు గెలుస్తుంది. ఐదుగురు ప్రత్యర్థులు చివరిదాకా నిలిస్తే గెలుపు సగానికి పడిపోతుంది. అందువల్ల బలమైన ముక్కలు గలవాడు మొదటే పందెం పెంచి పోటీదారులను తగ్గిస్తాడు, నిలిచినవారి చేత ఎక్కువ కట్టిస్తాడు. టోర్నమెంటులో తప్పనిసరి పందేలు అంతకంతకూ పెరుగుతాయి కనుక మంచి ముక్కల కోసం ఎదురుచూస్తూ ఎక్కువసేపు కూర్చోవడం కుదరదు. ఇక్కడి ధైర్యం లెక్క నుంచి పుట్టినది. భారతంలో ధర్మరాజు చూపినది లెక్క లేని సాహసం. పైకి రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి.

చట్టపు గీత
ఈ మూడు పట్టణాలూ మద్రాసు ప్రెసిడెన్సీలోని అనంతపురం జిల్లాకు చెందినవి కనుక వీటికి 1930 నాటి మద్రాసు జూద చట్టం వర్తించింది. తెలంగాణలో హైదరాబాదు జూద చట్టం ఉండేది. సికింద్రాబాదు క్లబ్బుకు సంబంధించి ఈ రెండో చట్టం కింద వచ్చిన సత్యనారాయణ కేసులో 1967 నవంబరున సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఉంచుకోవలసినవీ పారవేయవలసినవీ ఎంచుకోవడం వల్ల రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అనీ, మూడు ముక్కలాట వంటిది కాదనీ జస్టిస్ హిదయతుల్లా నిర్ణయించారు. నిర్వాహకుడు ఆట నుంచి లాభం పొందుతున్నట్లు రుజువైతే నేరం కావచ్చనీ చెప్పారు. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టం 15వ సెక్షనులో నైపుణ్యపు ఆటలకు మినహాయింపునిచ్చింది.

ఈ కొలబద్ద ముక్కల నిర్వహణను పందెం నుంచి వేరు చేసి చూస్తుంది. పోకర్‌లో పందెం తీసివేస్తే మిగిలేది ముక్కల పంపకమే. కనుకనే న్యాయస్థానాలు భిన్న నిర్ణయాలకు వచ్చాయి. 2013లో కర్ణాటక హైకోర్టు పోకర్‌ను నైపుణ్యపు ఆటగా పరిగణించగా, 2017లో గుజరాత్ హైకోర్టు జూదమన్నది.

సరిహద్దుకు ఇరువైపులా
యువత వ్యసనానికీ అప్పులకూ గురవుతున్నదన్న కారణంతో 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. కర్ణాటక 2021లో అటువంటి సవరణే చేసినా, ఆ రాష్ట్ర హైకోర్టు 2022 ఫిబ్రవరిలో అందులోని ప్రధాన నిబంధనలను కొట్టివేసింది. దానితో హిందూపురంలో నిషిద్ధమైన ఆన్‌లైన్ ఆట గౌరిబిదనూరులో అనుమతి పొందినదైంది. డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, నైపుణ్యమా అదృష్టమా అన్న విచారణ లేకుండా, 2025 నాటి కేంద్ర చట్టం నిషేధించడంతో ఈ విషయంలో ఆ తేడా తొలగింది.

ఉపసంహారం
పాత కొలబద్ద గెలిచినవాని ప్రతిభను ప్రశ్నించింది, కొత్త చట్టాలు ఓడినవాని నష్టాన్ని ప్రశ్నిస్తున్నాయి. పోకర్‌లో ఈ రెండు ప్రశ్నలూ విడదీయరానివి. బలమైన ముక్కలను ధైర్యంగా ఆడడం ఫలించాలంటే బలహీనమైన ముక్కలవాడు డబ్బు కట్టాలి. నైపుణ్యం నిజమైనదే, అయితే దాని మూల్యం ఎదుటివాని జేబు నుంచి వస్తుంది. పోకర్ నైపుణ్యపు ఆట అని రుజువైనంత మాత్రాన అది హానిరహితమని రుజువు కాదు. హానికరమని తేలినంత మాత్రాన అందులో నైపుణ్యం లేదనడమూ సరికాదు.