నిజామాబాదు నిఖత్ జరీన్ – ముష్టియుద్ధంలో ఒక తెలుగు అధ్యాయం

తెలుగు నేల మీద బలశాలుల చరిత్ర చెప్పమంటే మనమంతా కోడి రామమూర్తి నాయుడు గారితోనే మొదలుపెడతాం. వీరఘట్టంలో పుట్టి, ఇనుప గొలుసులు తెంపి, రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకున్న ఆయన పేరు మన తాతల నోట కూడా విన్నాం. తరువాత 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి బరువులెత్తి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారత మహిళ అయింది. అయితే ఇనుము ఎంత బరువైనా తిరిగి కొట్టదు. తిరిగి కొట్టే మనిషికి ఎదురు నిలిచి ప్రపంచ విజేత అయిన తెలుగు ఆడపిల్ల కోసం మనం 2022 దాకా ఆగవలసి వచ్చింది. ఆమె నిఖత్ జరీన్. ఆమె కథ మన జెడ్డా అజీజియాలో ప్రత్యేకంగా చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. ఆమె తండ్రి మనలాగే సౌదీలో ఉద్యోగం చేసినవారు.

నిజామాబాదు అంటే పసుపు మార్కెట్టు, బోధను చక్కెర ఫ్యాక్టరీ (అది 2015లో మూతపడింది), దానికి తోడు గల్ఫు ప్రయాణాలు. ఆ జిల్లాలో గల్ఫు ముఖం చూసిన మనిషి లేని ఊరు వెతికితేగాని దొరకదు. నిఖత్ తండ్రి ఇక్కడ సుమారు పదిహేనేళ్ళు సేల్స్ అసిస్టెంటుగా పనిచేశారు. ఆయనకు నలుగురూ కూతుళ్ళే, నిఖత్ మూడవది, 1996 జూన్ 14న పుట్టింది. పిల్లల చదువుల కోసం, ఈ పిల్ల ఆట కోసం ఆయన ఉద్యోగం వదులుకుని నిజామాబాదు వెళ్ళిపోయారు. ఈ ఒక్క వాక్యం రాయడం తేలికే. ఇకామా చేతిలో ఉండి, నెలనెలా జీతం వస్తుండగా "ఎగ్జిట్" కొట్టించుకోవడం ఎంత కష్టమో మనకు వేరే చెప్పాలా? వచ్చే ఏడు, ఆ పై ఏడు అంటూ పిల్లలు కాలేజీలకు వచ్చేదాకా వాయిదా వేసిన వాళ్ళం మనలో ఎందరం లేము! ఆయన వెళ్ళింది ఆడపిల్ల ఆట కోసం. ఆ ఆట మీద ఒక్క రియాలు వస్తుందన్న హామీ అప్పటికి ఎవరూ ఇవ్వలేదు.

తండ్రి తానూ ఫుట్‌బాలు, క్రికెట్టు ఆడినవారు. మొదట కూతురిని పరుగు పందేలకు తయారు చేశారు. నిజామాబాదు కలెక్టరు గ్రౌండులో ఆటల పోటీలు జరుగుతుండగా, అన్ని ఆటల్లోనూ అమ్మాయిలున్నారు, బాక్సింగులో మాత్రం లేరేమని ఆ పిల్ల అడిగిందట. ఆడపిల్లలకు అంత బలం లేదని లోకం అనుకుంటుందని తండ్రి జవాబు. అంతటితో పరుగు ఆగిపోయింది, బాక్సింగు మొదలైంది. తొలి గురువు ఊళ్ళోనే ఉన్న షంషముద్దీన్ గారు, బాక్సరు హుసాముద్దీన్ తండ్రి. సాధనకు మగపిల్లలే దొరికేవారు. ఒకరోజు మొహం వాచి ఇంటికి వస్తే తల్లి ఏడ్చి, ఇలాగైతే నిన్నెవరు పెళ్ళాడతారన్నదట. పేరు వస్తే పెళ్ళికొడుకులే వరుస కడతారని పిల్ల సమాధానం. ఇది నిఖత్ తానే పత్రికలవారికి చెప్పిన ముచ్చట.

2009లో ఆమె విశాఖపట్నంలోని స్పోర్ట్స్ అథారిటీ శిక్షణ కేంద్రంలో చేరింది. అక్కడ గురువు ద్రోణాచార్య అవార్డు గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు గారు. ఆ 2009 ఆగస్టులోనే అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ మహిళల బాక్సింగును లండను క్రీడల్లో చేర్చాలని నిర్ణయించింది. అంతకు ముందు చేరిన వారికి ఒలింపిక్స్ అనే గమ్యమే లేదు. ఆమ్స్టర్‌డామ్‌కు చెందిన లూసియా రైకర్‌నే చూడండి. జూడోతో మొదలుపెట్టి, కిక్‌బాక్సింగులో ప్రపంచ విజేతై, బాక్సింగులోకి వచ్చి పదిహేడుకు పదిహేడూ గెలిచింది. అంతటి మనిషికి కూడా ఒలింపిక్ రింగు దక్కలేదు. ఆమెను చాలామంది చూసింది 2004 నాటి "మిలియన్ డాలర్ బేబీ" సినిమాలో ప్రతినాయికగా.

2011లో టర్కీలోని అంతల్యాలో నిఖత్ జూనియర్ ప్రపంచ స్వర్ణం గెలిచింది. ఇక్కడితో కథ సులువుగా సాగిపోవలసింది, సాగలేదు. 2017లో భుజం జారి, శస్త్రచికిత్స జరిగి, ఏడాది రింగుకు దూరమైంది. 2019లో సోఫియాలో స్ట్రాంజా టోర్నమెంటు గెలిచి తిరిగి వచ్చేసరికి, ఆమె బరువు విభాగంలో ముందున్నది సాక్షాత్తు ఆరుసార్లు ప్రపంచ విజేత మేరీ కోమ్.

ఆ ఏడాది ప్రపంచ పోటీలకు మేరీ కోమ్‌ను ట్రయల్ లేకుండానే ఎంపిక చేశారు. ఒలింపిక్ అర్హత పోటీలకు కూడా అదే జరిగేట్టు కనిపించగా నిఖత్ నేరుగా కేంద్ర క్రీడల మంత్రి కిరణ్ రిజిజుకు లేఖ రాసింది. ఆమె కోరింది సీటు కాదు, ఒక్క బౌటు. పెద్దావిడ మీద పిల్ల నోరు చేసుకున్నదని దేశమంతా చెవులు కొరుక్కున్నారు. మా మటుకు మాకు అందులో అమర్యాద ఏదీ కనిపించలేదు. పెద్దల మీద గౌరవం వేరు, పోటీ పెట్టమనడం వేరు. చివరకు 2019 డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీ కోమ్ 9-1తో గెలిచింది, బౌటు అయ్యాక చేయి కలపలేదు. లేఖ రాసి, పోటీ తెచ్చుకుని, అందరి ముందూ ఓడిపోవడం ఇరవై మూడేళ్ళ పిల్లకు చిన్న దెబ్బ కాదు. ఆ తరువాత ఆమె ఎవరి మీదా ఫిర్యాదుతో కాలం గడపలేదు, సాధనకు వెళ్ళింది.

2022 ఫిబ్రవరిలో మళ్ళీ సోఫియా. సెమీఫైనల్లో టోక్యో రజత విజేత, టర్కీ బాక్సరు బూసె నాజ్ చాకిరోలును ఓడించి స్వర్ణం తెచ్చింది. మే 19న ఇస్తాంబులులో ప్రపంచ ఫైనలు, 52 కిలోల విభాగం. థాయ్‌లాండుకు చెందిన జిత్పాంగ్ జుతామస్ మీద 5-0. ఈ లెక్క తెలియని వారికి ఒక మాట: 5-0 అంటే ఐదు గుద్దులు కాదు, రింగు చుట్టూ కూర్చున్న ఐదుగురు న్యాయనిర్ణేతలూ ఒకరికే గెలుపు రాశారని. ప్రపంచ స్వర్ణం గెలిచిన అయిదవ భారత మహిళ ఆమె. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్తు స్వర్ణం, అర్జున అవార్డు వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం రెండు కోట్లు ప్రకటించింది. 2023 మార్చిలో ఢిల్లీలో 50 కిలోల్లో మరో ప్రపంచ స్వర్ణం.

ఆ కాలంలో మన చుట్టూ కూడా లోకం మారుతూ ఉంది. 2012 లండను క్రీడలకు తొలిసారి సౌదీ మహిళలు ఇద్దరు వెళ్ళారు. జూడోలో వుజ్దాన్ షహర్ఖానీ బౌటు 82 సెకన్లలో ముగిసింది, అయినా ఆ 82 సెకన్లు లెక్కలోకి వచ్చాయి. 2018 జనవరి 12న ఇదే జెడ్డా స్టేడియంలోకి మహిళా ప్రేక్షకులు అడుగుపెట్టారు. 2022 ఆగస్టు 20న, నిఖత్ బర్మింగ్‌హామ్‌లో గెలిచిన రెండు వారాలకే, జెడ్డాలో రమ్లా అలీ, క్రిస్టల్ గార్సియా నోవా తలపడ్డారు. ఒకప్పుడు మన ఆడపిల్లలకు ఆట అంటే నాలుగు గోడల మధ్య షటిల్ కాక్ తప్ప మరొకటి లేని ఊరు ఇదే కదా!

పారిస్ సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. 2024లో నిఖత్‌కు సీడింగు లేదు. మొదటి బౌటులో జర్మనీ అమ్మాయి మీద గెలిచి, రెండోదానిలోనే చైనాకు చెందిన వూ యూ చేతిలో 0-5తో ఓడింది. ఆ వూ యూయే స్వర్ణం గెలిచింది. ఆ సెప్టెంబరులో తెలంగాణ పోలీసులో డీఎస్పీ ఉద్యోగం వచ్చింది. మనలో చాలామందిమి అక్కడితో చాలనుకునేవాళ్ళం. ఆమె 2025లో లివర్‌పూల్ ప్రపంచ పోటీలకు వెళ్ళి, క్వార్టర్ ఫైనల్లో అదే చాకిరోలు చేతిలో ఓడింది. రెండు నెలల తరువాత గ్రేటర్ నోయిడాలో ప్రపంచ కప్ ఫైనల్స్‌లో, 51 కిలోల విభాగంలో, మళ్ళీ స్వర్ణం తీసుకుంది.