మూసిన కార్డు, తెరచిన డ్రైవరు

కంప్యూటరు తెరమీద గీత గీయవలెనన్నను, వర్ణము నింపవలెనన్నను, గ్రాఫిక్స్ కార్డునకు ఆజ్ఞలనందించు డ్రైవరు లేనిదే పని సాగదు. కార్డులోని ఏ రిజిస్టరునందు (ఆజ్ఞలను గ్రహించు గడియందు) ఏ సంఖ్య వ్రాసిన ఏ ఫలితము కలుగునో ఎరిగినవాడు దాని నిర్మాత; ఆ వివరములను అతడు వెల్లడించినచో డ్రైవరును ఎవరైనను వ్రాయవచ్చును, వెల్లడింపనిచో అతడిచ్చిన బైనరీనే శిరసావహింపవలెను. లినక్సు లోకమున ఈ రెండవ స్థితి ఎన్‌విడియా కార్డుల విషయమున దీర్ఘకాలము నిలిచినది గనుక, దానిని ఎదిరించి పుట్టిన నూవో డ్రైవరు చరిత్ర, నిర్మాత మౌనమును పరిశ్రమతో జయింపవచ్చుననియు, అతడు వేసిన ముద్రను మాత్రము పరిశ్రమ యొక్కటే ఛేదింపజాలదనియు తెలుపుచున్నది.

ఈ కథకు పూర్వరంగము మెసా. సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ చిత్రలేఖన ప్రమాణమైన ఓపెన్‌జీఎల్‌ను 1992లో ప్రకటింపగా, బ్రయన్ పాల్ అను యువకుడు దానికి ప్రతిరూపమైన ఈ లైబ్రరీని 1993లో ప్రారంభించి, ఆ సంస్థ అనుమతిని పొంది, 1995 ఫిబ్రవరిలో లోకమునకు విడుదల చేసెను. అది మొదట గ్రాఫిక్స్ కార్డు సాయము లేక ప్రాసెసరు బలముననే చిత్రములను గీయుచుండెను. ప్రోగ్రాములు కార్డుతో సూటిగా మాటలాడు మార్గమైన డీఆర్‌ఐ, 2000లో వెలువడిన ఎక్స్‌ఫ్రీ86 అను ప్రదర్శన వ్యవస్థ యొక్క నాల్గవ వెర్షనుతో ప్రచారమునకు వచ్చెను. మార్గము ఏర్పడినది గాని, కార్డు భాష తెలియనిదే ఆ మార్గమున పయనించుట ఎట్లు?

ఎన్‌విడియా వారు ఎన్‌వీ అను బహిరంగ డ్రైవరును ఇచ్చిరి. కాని అది ద్విమాన చిత్రములకే పరిమితము. దాని మూలపాఠమున రిజిస్టర్లకు పేర్లు లేక వట్టి సంఖ్యలే కనబడుచుండెను. త్రిమాన చిత్రములు కావలసినవారికి మూసిన బైనరీయే శరణ్యము. 2005 ప్రాంతమున స్టెఫాన్ మార్షెసిన్ ఆ ఎన్‌వీ పాఠమును శుభ్రపరచుటతో మొదలిడిన ఉద్యమము క్రమముగా నూవోగా రూపొందెను.

నూవో కర్తలు పనిచేసిన తీరు పరిశీలింపదగినది. ఒక చిన్న ప్రోగ్రాము ఒక త్రిభుజమును గీయును. గీయుటకు ముందును, పిమ్మటను కార్డు స్థితిని నకలుచేసి, ఒక్క గుణమును మాత్రము మార్చి మరల గీసి, ఏ సంఖ్య మారినదో సరిపోల్చుదురు. దూరదేశముల కార్డు యజమానులు ఇట్టి నకళ్లను పంపుచుండగా, పట్టికలు నానాటికి నిండెను. ఇంతకంటె సూక్ష్మమైనది పెక్కా పాలనెన్ ప్రభృతులు తీర్చిదిద్దిన ఎమ్‌ఎమ్‌ఐఓ ట్రేస్. కార్డు రిజిస్టర్లున్న మెమరీ పేజీ లేనట్లు ముందే గుర్తువేయబడును. బైనరీ డ్రైవరు దానిని తాకినప్పుడెల్ల పేజీ ఫాల్టు అను అంతరాయము పుట్టి, ఏ చిరునామాలో ఏమి వ్రాయబడినదో, ఏమి చదువబడినదో నమోదగును. అటుపిమ్మట ఆ పేజీ క్షణకాలము తెరువబడి, ఆ యొక్క ఆజ్ఞ నడువగనే మరల మూతపడును. ఆ క్షణపు సందున వేరొక ప్రాసెసరు చేసిన స్పర్శ లెక్కకు అందకుండ జారిపోవచ్చును గనుక, ఒక్క ప్రాసెసరును మాత్రమే ఉంచి తక్కినవానినన్నిటిని నిద్రపుచ్చెడివారు.

2007లో ఏఎమ్‌డీ తన కార్డుల పత్రములను బహిరంగపరచుటకు పూనుకొనగా, ఎన్‌విడియా పక్షమున అట్టి ఔదార్యము కానరాలేదు. అయినను నూవో పెరిగి, 2010 ఫిబ్రవరిలో వెలువడిన లినక్సు 2.6.33 కెర్నెలున ప్రయోగదశలో స్థానము సంపాదించెను. 2012లో ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయ సభయందు లినక్సు కర్త లైనస్ టోర్వాల్డ్స్ ఎన్‌విడియాను కటువుగా నిందించెను. మరుసటి సంవత్సరమున ఆ సంస్థ కొన్ని పత్రముల నిచ్చుటకు అంగీకరించెను.

కాని 2014లో వచ్చిన రెండవ తరపు మ్యాక్స్‌వెల్ కార్డులతో సమస్య స్వరూపమే మారినది. కార్డు మేల్కొనునపుడు మందగతిన ఉండును. దాని వోల్టేజిని, ఫ్యానును, వేగమును సవరించు ఫర్మ్‌వేరు (కార్డులోపల నడుచు ప్రోగ్రాము) పై నిర్మాత డిజిటల్ సంతకము లేనిచో కార్డు దానిని అంగీకరింపదు. ఏ రిజిస్టరు ఏమి చేయునో తెలిసినను చేయి కట్టుబడిన స్థితి అది. చిత్రములు గీయుటకు కావలసిన సంతకపు ఫర్మ్‌వేరును 2016లో ఇచ్చిరి గాని, వేగమును పెంచునది ఈయలేదు.

2022 మే మాసమున ఎన్‌విడియా తన కెర్నెలు మాడ్యూళ్ల మూలపాఠమును ట్యూరింగ్ మొదలగు తరముల కొరకు వెల్లడించెను. ఆ కార్డులందు జీఎస్‌పీ అను ఉపప్రాసెసరే వోల్టేజి, వేగము మొదలగువాని సవరణ భారమును వహించును. దాని ఫర్మ్‌వేరు నేటికిని మూతయే, కాని దానితో సంభాషించు రీతి తెలియవచ్చెను. 2024 జనవరిలో వచ్చిన 6.7 కెర్నెలునుండి నూవో ఆ ఫర్మ్‌వేరును ఆశ్రయించి ఆ కార్డులను పూర్ణవేగమున నడుపగలిగెను. ఈ లాభము అందరికిని అందలేదు: మ్యాక్స్‌వెల్ రెండవ తరమునుండి వోల్టా వరకు గల కార్డులకు సంతకపు బంధమున్నది, జీఎస్‌పీ లేదు; కనుక నూవోతో నడిచినప్పుడు వాటికి మందగతియే మిగిలినది. అంతకు పూర్వపు కార్డులలో అనేకములకు వేగము మార్చు ఉపాయమును స్వచ్ఛందకర్తలే కనుగొనిరి. రెంటికిని నడుమ చిక్కిన ఈ తరమునకు తెలివితేటలు చాలక కాదు, ఒక్క సంతకము లభింపక ఈ కొరత ఏర్పడినది. ఆ సంతకము చేయగలవారు ఒక్క నిర్మాతలే.