జావా తోలుబొమ్మలు

జావా ద్వీపవాసులు తమ తోలుబొమ్మలాటను ‘వాయాంగ్ కులిత్’ అంటారు. వాయాంగ్ అంటే నీడ. కులిత్ అంటే తోలు. క్రీ. శ. 907 నాటి బలితుంగ మహారాజు శాసనం దేవతల ప్రీత్యర్థం భీముని కథను వాయాంగ్‌గా ప్రదర్శించినట్లు చెబుతున్నది. ఆడినవి తోలుబొమ్మలేనని అందులో లేదు. తరువాతి శతాబ్దంలో, ఐర్లంగ మహారాజు కాలంలో, ఎంపు కణ్వ కవి ‘అర్జునవివాహ’ కావ్యంలో ఆ కొరత తీర్చాడు. ఆడుతున్నది చెక్కిన తోలేనని ఎరిగి కూడా ప్రేక్షకులు కన్నీరు పెట్టుకొంటారని, విషయసుఖాలలో చిక్కిన మనుజులకు వారిని ఉపమానంగా చూపాడు. కవి ఎంచినది అవివేకమే గాని, కళాచరిత్రకు దక్కినది అమూల్యమైన సాక్ష్యం.

ఈ కళ ఎవరిదన్న వివాదం పాతది. కథలు రామాయణ భారతాలు గనుక బొమ్మలు కూడా భారతదేశం నుండే వెళ్లినవని కొందరి వాదం. రంగపరికరాల పేర్లు దాదాపు అన్నీ జావా మాటలే గనుక కళ అక్కడిదేనని 1897లో డచ్చి పండితుడు హజేయు వాదించాడు. తెలుగునాట పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో తోలుబొమ్మలాటను ప్రస్తావించాడు. కాని పోలిక ఉన్నంతమాత్రాన పుట్టుక తేలదు.

పోలికకంటె భేదమే ఎక్కువ చెబుతుంది. ఆంధ్రదేశపు బొమ్మ పలుచని తోలుది. వెలుగు దానిగుండా సాగి తెరపై రంగులు పరుస్తుంది. జావా బొమ్మ మందమైన ఎనుబోతు తోలుది. తోలును నానబెట్టి, చట్రంలో బిగించి ఆరబెట్టి, గీకి, సన్నని ఉలులతో చిల్లులు తొలుస్తారు. నీడ నలుపు; ఆభరణాలు, కనుబొమలు చిల్లులలోని వెలుగే. అయినా రెండు వైపులా రంగులు, బంగారు పూత వేస్తారు; సూత్రధారుని వైపు కూర్చునే వారికి అవి కనిపిస్తాయి. పట్టుకొనే పుల్ల కొమ్ముతో చేసినది. వంచిన తల, సన్నని కన్ను, కోసుగా సాగిన ముక్కు అర్జునుని వినయశౌర్యాలకు గుర్తు. గుండ్రని కన్ను, ఉబ్బిన ముక్కు రాక్షసులకు.

సూత్రధారుని ‘దలాంగ్’ అంటారు. రాత్రి మొదలు తెల్లవారేవరకు ఆ ఒక్కడే అన్ని బొమ్మలనూ ఆడిస్తాడు, అన్ని గొంతులనూ పలుకుతాడు, గమెలాన్ వాద్యబృందానికి సంజ్ఞలిస్తాడు. ఆటలో లేని బొమ్మలు తెర కిందనున్న అరటిబోదెలో గుచ్చి ఉంటాయి.

కథను కూడా జావా తోలువలెనే తొలిచింది. అక్కడ ద్రౌపది యుధిష్ఠిరునికే భార్య. శిఖండి ‘శ్రీకండి’ అనే వీరవనిత, అర్జునుని పత్ని. వ్యాసుడెరుగని సెమార్ పరిచారకుని వేషంలోని దేవుడు. అతడూ అతని కొడుకులూ పాండవులను పరిహసించగలరు, మందలించగలరు. ఇస్లాం వచ్చిన తరువాత కూడా ఆట ఆగలేదు. యుధిష్ఠిరుని ‘కలిమసద’ అనే దివ్యాయుధానికి ‘కలిమా షహాద’ అని అర్థం చెప్పుకొన్నారు.

1755లో మతారాం రాజ్యం సురకర్త, యోగ్యకర్తలుగా చీలిన తరువాత బొమ్మల శైలులు కూడా వేరైనవి. 1923లో సురకర్త ఆస్థానం దలాంగులకు పాఠశాల పెట్టింది. 2003లో యునెస్కో ఈ కళను మానవజాతి వారసత్వంగా ప్రకటించింది. నూనెదీపం స్థానంలో విద్యుద్దీపం వచ్చింది.

జావా రాజుల వంశావళులు పాండవులను తమ పూర్వులుగా చెప్పుకొన్నవి. కథ వచ్చిన దారిని వెదకే పండితుడు వ్యాసుని దగ్గరకు చేరుతాడు. సెమార్ మాటకు నవ్వే జావా గ్రామీణునికి మాత్రం ఆ కథ ఎక్కడనుండీ రాలేదు. అది తన ఊరిదే.