ఇసుక కింద ఏరు

ఏట్లో నీళ్లు పారుతున్నా మా అవ్వ చెలమే తీసేది. పక్కనే ధార కనబడుతుంటే దాన్నొదిలి, నాలుగడుగుల అవతల ఇసుక తోడుతూ కూచోవడం ఎందుకో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. "మొదట ఊరిన నీళ్లు పారబొయ్యి పాపా, మళ్లా ఊరేటివే తాగేటివి" అనేది. చెలమ ఎక్కడ పడితే అక్కడ తీసేది కాదు. ఇసుక మేట దిగువ అంచు చూసుకుని కూచునేది. నీళ్లు తేటపడేదాకా ఆగి, ముంతతో కడవలోకి తోడేది.

మాది పెన్నలో కలిసే ఒక చిన్న ఏటి ఒడ్డు ఊరు. పెన్న అయినా, చిత్రావతి, పాపాఘ్ని అయినా ఏడాదిలో ఎక్కువ రోజులు కంటికి కనబడేది ఇసుకే. కానీ ఏరు ఎండిపోయిందని మా ఊరి ఆడవాళ్లు అంత తొందరగా అనేవాళ్లు కాదు. "కిందికి పోయింది" అనేవాళ్లు.

ఆ మాట ఎంత నిజమో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఏటి నీరంతా పైనే పారదు. మేట అడ్డొచ్చిన చోట కొంత ఇసుకలోకి దిగుతుంది, రేణువుల సందుల్లోంచి నడిచి దిగువ అంచున మళ్లీ పైకొస్తుంది. పైన నిమిషాల్లో దాటే దూరానికి కింద గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. ఆ నడకలో బురద నిలిచిపోతుంది. ఇసుక రేణువులను అంటిపెట్టుకుని బతికే సూక్ష్మజీవులు నీటిలోని కుళ్లును తింటాయి, నైట్రేట్‌ను కొంత వాయువుగా మార్చేస్తాయి. అవ్వ కూచున్నది సరిగ్గా ఆ నీరు పైకొచ్చే చోట.

ఇసుకలో నీటి నడకను కొలిచి సూత్రం చెప్పినవాడు హెన్రీ దార్సీ. ఫ్రాన్సులోని డిజాన్ పట్టణపు నీటి సరఫరా మీద 1856లో వేసిన పుస్తకంలో ఆ సూత్రం ఉంది. ఏటి అడుగున పై నీరూ భూగర్భజలమూ కలిసే పొరకు 1959లో రుమేనియా శాస్త్రజ్ఞుడు త్రయాన్ ఒర్గిదాన్ 'హైపోరీక్' అని పేరు పెట్టాడు. ప్రవాహం కింద అని దాని అర్థం. కొలిచినవాళ్లూ, పేరు పెట్టినవాళ్లూ చరిత్రలో ఉన్నారు. తరతరాలుగా ఆ నీళ్లు తాగించి ఊళ్లను బతికించిన ఆడవాళ్లు ఎక్కడున్నారు?

మన రికార్డుల్లోనైనా ఉన్నారా అని చూశాను. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రాతల్లో ఊటకాలువలు కనబడతాయి. నది ఇసుకలో తవ్వి, ఆ ఊటను పొలాలకు మళ్లించే కాలువలవి. వాటి కింద తడిసిన మడి శిస్తు కట్టేది, కాబట్టి లెక్కకెక్కింది. చెలమ ఎవరికీ శిస్తు కట్టలేదు. వరదొస్తే ఆనవాలు కూడా మిగలదు.

అయితే చెలమను ముద్దు చేసి చెప్పడానికి నాకు నోరు రాదు. మా ఏట్లో ఎగువన మావాళ్ల చెలమలు, దిగువన మాలమాదిగ ఆడవాళ్ల చెలమలు. ఎగువకు వాళ్లు రాకూడదు. ఇసుక కింద నీరు మా చెలమ నుంచి వాళ్ల చెలమకు నడిచి పోతూనే ఉండేది. పైన గీసిన గీత మాత్రం చెరగలేదు. ఆ గీతను కాపలా కాసినవాళ్లలో మా అవ్వ కూడా ఉంది. ఆమె తెలివిని తల్చుకున్నప్పుడల్లా ఇదీ తల్చుకోవాల్సిందే.

ఇప్పుడు ఎగువా లేదు, దిగువా లేదు. ఇసుకే లేదు. ఇసుక తవ్వకాన్ని అదుపు చేసే అధికారం ఇస్తూ 2002లో వాల్టా చట్టం వచ్చింది. అయిదు హెక్టార్ల లోపు తవ్వకాలకూ పర్యావరణ అనుమతి ఉండాలని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. మా ఏట్లోకి లారీలు వస్తూనే ఉన్నాయి. ఇసుకను భవనాల సరుకుగా లెక్కేసిన వాళ్లకు అది నీళ్లు దాచుకునే చోటని తట్టలేదు. ఇసుక పోతే నీరు దిగడానికీ, నిలవడానికీ, తేటపడడానికీ జాగా ఉండదు. వాన పడినా వచ్చిన నీరు వచ్చినట్టే పోతుంది.

మొన్న ఎండాకాలం ఊరికి వెళ్లాను. అవ్వ కూచున్న చోట నేల గట్టిగా, పగుళ్లిచ్చి ఉంది. గోకితే జిగటమట్టి. ఇంటికొచ్చేసరికి మా వదిన వీధి చివర నీళ్లు కొని, ఇరవై లీటర్ల క్యాను నడుముకెత్తుకుని వస్తోంది. కడవ పోయింది గానీ ఆ నడుము పోలేదు.